అరకు దారిలో అన్నవరం

దసరా సెలవులకు అరకు వెళ్దామని మావారు అన్నప్పుడు అత్తయ్య గోరుచిక్కుడు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే అడిగారు. "అక్కడ ఏ దేవుడురా?"

లోయలు, కాఫీ తోటలు, సొరంగాల్లోంచి వెళ్లే రైలు, దానికి గాజు పైకప్పున్న విస్టాడోమ్ బోగీ... ఆయన చెప్పుకుంటూ పోయారు. "కాఫీ ఇంట్లో లేదా ఏంటి?" అన్నారావిడ.

76 ఏళ్ల మనిషిని నల్లకుంట దాటించాలంటే లోయలు సరిపోవు. అందుకని నేను కల్పించుకుని, బొర్రా గుహల్లో శివలింగం ఉందన్నాను. అబద్ధమేం కాదు. సున్నం కలిసిన నీటి చుక్కలు పడీ పడీ తయారైన లింగం, పూజలు కూడా చేస్తారు. గుహలోకి దిగే మెట్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

"అయితే స్వయంభువే!" అని గోరుచిక్కుడు పళ్లెం నా ముందుకు తోసేసి ఫోన్ అందుకున్నారు.

"మా కోడలు శివయ్య దర్శనం చేయిస్తోందే" అని రామంతపూర్‌లో ఉన్న చెల్లెలికి చెప్పారు. అరకు అన్న మాటే లేదు. విశాఖ దాకా వెళ్లి సింహాచలం అప్పన్నను చూడకుండా వస్తారా అంది చిన్నత్తయ్య. అప్పన్నను చూసినవాళ్లు అన్నవరం సత్యనారాయణస్వామిని వదిలేస్తే బాగుంటుందా? రైలు ఎలాగూ అటే పోతుంది. పైగా ఆకులో కట్టి ఇచ్చే ఆ గోధుమనూక ప్రసాదం! ఇక మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అరసవల్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకోవాలి కదా. శ్రీకాకుళం ఎంత దూరమని? రాత్రికి మావారి ఎక్సెల్ షీట్‌లో అరకుకు మిగిలింది ఒక్క పూట.

అసలు టెన్షన్ రిజర్వేషన్ దగ్గర మొదలైంది. రైల్వేలో పెద్దవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది. మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 నిండితే చాలు. (45కే ఆడవాళ్లను పెద్దవాళ్లలో కలిపేసిన మహానుభావుడెవరో!) కానీ ఆ టికెట్ మీద వాళ్లొక్కరే ఉండాలి, లేదా అలాంటివాళ్లు ఇద్దరే ఉండాలి. ఇంటిల్లిపాదికీ ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు. అప్పుడు అత్తయ్యకు పై బెర్తు వచ్చినా ఆశ్చర్యం లేదు.

"అయితే నన్నొక్కదాన్నీ విడిగా పడేస్తారా?" అన్నారు అత్తయ్య కళ్లొత్తుకుంటూ. కాసేపటికి ఆవిడే పరిష్కారం చెప్పారు. తోడుగా చిన్నత్తయ్య వస్తుంది. ఇద్దరికీ ఒక టికెట్, మాకూ పిల్లలకూ ఇంకొకటి.

2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 120 రోజుల ముందు కాదు, 60 రోజుల ముందే. పొద్దున 8 గంటలకు మొదలవుతుంది. మాకు కావలసింది శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్. అక్కణ్నుంచి 60 రోజులు వెనక్కి లెక్కపెడితే సోమవారం వచ్చింది. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది.

ఎనిమిదికి రెండు నిమిషాలుండగా మావారు మౌస్ మీద వేలు పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అత్తయ్య పంచాంగంతో వచ్చి ఆ చేయి పట్టుకున్నారు.

"తొమ్మిది దాటాక నొక్కు."

"అమ్మా, దసరా సెలవులు. తొమ్మిదికి ఒక్క సీటుండదు."

"వెళ్తున్నది దేవుడి దగ్గరికిరా. ఆయనే ఉంచుతాడు."

గంటసేపు ఆ చేయి వదల్లేదు. మావారు ఎడమ చేత్తో ఇడ్లీ తిన్నారు. తొమ్మిది దాటాక, ఎందుకైనా మంచిదని ఇంకో ఐదు నిమిషాలు ఆగి, నొక్కించారు.

మా నలుగురికీ వెయిటింగ్ లిస్ట్. కోటా కింద అడిగిన అత్తయ్యకూ చిన్నత్తయ్యకూ రెండు కింది బెర్తులు, కన్‌ఫర్మ్!

"చూశావా, ఉంచాడు" అన్నారు అత్తయ్య.

మా టికెట్ ఖాయం కాకపోతే ఏం చేయాలని మావారు తల పట్టుకున్నారు. ఇద్దరినే ఎలా పంపడం? అత్తయ్య మాత్రం అప్పటికే ఫోన్‌లో ఉన్నారు. "పిల్లలు రాకపోయినా మనం వెళ్దామే. అరకు తీసేద్దాం, ఆ పూట శ్రీకూర్మం పెట్టుకుందాం."

"మరి బొర్రా శివయ్య?" అన్నాను ఉండబట్టలేక.

ఫోన్‌కు చేయి అడ్డం పెట్టి నావైపు తిరిగారు. "బోలెడు మెట్లట కదమ్మా. చిన్నత్తయ్య మనవడు వీడియో చూపించాట్ట. ఆ శివయ్యను మీరు చూసి రండి. నాకు విభూతి తేవడం మర్చిపోకు."