రెండు వేల ఏళ్ల నాటి ఎర్ర గ్లౌజులు

మా వీధి చివర కొత్తగా పెట్టిన జిమ్ముకు ఫ్లెక్సీ కట్టారు. "2000 ఏళ్ల ప్రాచీన థాయ్ యుద్ధకళ ముయే థాయ్. పాశ్చాత్య కల్తీ లేనిది. వంద శాతం స్వచ్ఛం." కింద చిన్న అక్షరాల్లో మొదటి నెల ఫీజులో తగ్గింపు. వెనక ఫొటోలో కండలు తిరిగిన కుర్రాడు. చేతులకు ఎర్రటి గ్లౌజులు, పళ్ల మధ్య మౌత్‌గార్డు, వీపు వెనక నాలుగు వరసల తాళ్ల రింగు, నడుముకు తళతళలాడే శాటిన్ నిక్కరు, దాని పట్టీ మీద ఇంగ్లిష్‌లో కంపెనీ పేరు.

కల్తీ లేని నెయ్యి అని డబ్బా మీద రాసుకున్నవాడు కూడా లోపలి డాల్డా ముద్ద కనిపించేలా ఫొటో వేయడు. వీళ్లకు ఆ మొహమాటం కూడా లేదు.

నేను మాత్రం ఆ ఫ్లెక్సీని నమ్ముదామనే నిర్ణయించుకున్నాను. నమ్మితే చరిత్ర ఎంత రంజుగా మారిపోతుందో చూడండి. 1867లో లండన్‌లో బాక్సింగ్‌కు క్వీన్స్‌బెరీ నియమాలని పన్నెండు నియమాలు అచ్చయ్యాయి. రాసినాయన జాన్ గ్రాహమ్ చాంబర్స్, పేరు అరువిచ్చిన పెద్దమనిషి క్వీన్స్‌బెరీ ప్రభువు. రౌండుకు మూడు నిమిషాలు, మధ్యలో విరామం, కిందపడ్డవాడు లేవడానికి పది సెకన్లు, చేతులకు మంచి నాణ్యమైన కొత్త గ్లౌజులు. ఫ్లెక్సీ లెక్కన ఇవన్నీ సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండ్‌లో, ఎవరో వస్తాదు పద్దెనిమిది శతాబ్దాల ముందే తాటాకుల మీద రాసి పెట్టుకున్నాడు. ఇంగ్లిష్ దొర ఓడ దిగి, ఆ కట్ట చంకన పెట్టుకుని ఉడాయించాడు. ఆ తొందరలో పిడికిలి ఉన్న ఆకులు మాత్రమే పట్టుకెళ్లి, మోకాలు, మోచెయ్యి, కాలు ఉన్న ఆకులు అక్కడే మరిచిపోయాడు. అందుకే పాపం బాక్సర్లు ఇప్పటికీ చేతులతోనే కొట్టుకుంటున్నారు.

జరిగింది ఇంతకన్నా మామూలు సంగతి, నా దృష్టిలో ఇంతకన్నా గొప్ప సంగతి కూడా. పాత రోజుల్లో అక్కడ చేతులకు నూలు తాడు చుట్టుకుని ఆరుబయట కొట్టుకునేవారు. గంట లేదు. చిల్లు పెట్టిన కొబ్బరి చిప్పను నీళ్లలో వదిలేవారు. అది మునిగితే ఆ విడత అయిపోయినట్టు. (నాకు ఈ చిప్ప మీద చాలా గౌరవం. దానికి స్పాన్సర్ లేడు.) ఇంగ్లండులో చదువుకుని వచ్చిన వజిరావుధ్ రాజు కాలంలో, అంటే 1920ల తొలినాళ్లలో, బ్యాంకాక్‌లోని సువాన్ కులాప్ బడి మైదానంలో పోటీలు పెట్టి నిధులు పోగు చేశారు. జనం డబ్బిచ్చి చూడటం మొదలెట్టాక ఎక్కడో ఒక చోట గీత గీయాలి కదా, రింగు వచ్చింది. రిఫరీ వచ్చాడు. ఆ దశాబ్దం చివర్లో ఉత్తరాదిత్ నుంచి వచ్చిన ఫే లియాంగ్‌ప్రసర్ట్ అనే యోధుడి దెబ్బలకు ఒక కంబోడియా యోధుడు ప్రాణాలు వదిలాడు. తాడు పోయి గ్లౌజు వచ్చింది ఆ తర్వాతే. 1945లో రాజదమ్నర్న్ స్టేడియం, 1956లో లుంపినీ స్టేడియం తెరిచారు. బరువుల వారీ విభాగాలు, ఎర్ర మూల, నీలి మూల, మూడేసి నిమిషాల ఐదు రౌండ్లు స్థిరపడ్డాయి.

వాళ్లు గుడ్డిగా నకలు కొట్టలేదు. ఇప్పటికీ పోటీకి ముందు యోధుడు గురువుకు మొక్కి నృత్యం చేస్తాడు. సన్నాయి లాంటి వాద్యం మోగుతూనే ఉంటుంది. మార్కులు వేసేటప్పుడు గుద్దుకన్నా కాలి దెబ్బకు, మోకాలి దెబ్బకు ఎక్కువ విలువ. తెచ్చుకున్న దాన్ని తమ పద్ధతిలో అరిగించుకుని, చివరికి తెచ్చుకున్న ఆ బాక్సింగ్‌లోనే గెలిచారు. ముయే థాయ్ నుంచి వచ్చిన సేన్‌సాక్ ముంగ్‌సురిన్ 1975లో, ప్రొఫెషనల్ బాక్సర్‌గా తన మూడో పోటీలోనే, ప్రపంచ టైటిల్ కొట్టాడు. లుంపినీలో నాలుగు బరువుల్లో చాంపియన్ అయిన సమార్త్ పయాకరూన్ 1986లో మెక్సికో బాక్సర్ లూపె పింటోర్‌ను పడగొట్టి ఇంకో టైటిల్ తెచ్చాడు. ఇంత చరిత్ర పెట్టుకుని "కల్తీ లేదు" అని బొంకడం దేనికి? ఎవరు అడిగారు?

జపాన్‌లో ఒసాము నొగుచి అనే బాక్సింగ్ ప్రమోటర్ 1966లో కరాటేను, ముయే థాయ్‌ను, తన బాక్సింగ్‌ను కలిపి కిక్‌బాక్సింగ్ అని పేరు పెట్టేశాడు. సమురాయ్‌ల నాటిది అనలేదు. ఆయన నిజాయితీకి ఒక నమస్కారం. ఆ దేశంలోనే స్వచ్ఛతావాదులు చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. ఒకినావా కరాటే వస్తాదు మోతొబు చోకి యాభై దాటిన వయసులో క్యోటోలో ఒక విదేశీ బాక్సర్‌ను నేల కూల్చాడు. 1925లో 'కింగు' అనే పత్రిక ఆ వైభవాన్ని బొమ్మలతో సహా వేసింది. బొమ్మల్లో ఉన్నది మాత్రం ఇంకో కరాటే గురువు గిచిన్ ఫునాకోషి. బాక్సింగ్ మీద కరాటే సాధించిన మహా విజయానికి మొహమే మారిపోయింది.

ఇక మన ఊళ్లలో ఏ కరాటే స్కూలు గోడ చూసినా బ్రూస్ లీ ఉంటాడు. ఆయన నేర్చుకున్నది హాంకాంగ్‌లో వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ శైలి. 1958లో గెలిచింది స్కూళ్ల మధ్య జరిగిన బాక్సింగ్ పోటీ. పెద్దయ్యాక బాక్సర్ల అడుగులు, ఫెన్సింగ్ ఎత్తులు కలిపి తన పద్ధతి తయారు చేసుకున్నాడు. కల్తీనే సిద్ధాంతంగా పెట్టుకున్న ఆ మనిషి బొమ్మ కిందే నిలబడి మాస్టార్లు పిల్లలకు శైలి స్వచ్ఛత మీద ఉపన్యాసాలిస్తారు.

వీటన్నిటిలో నాకు ప్రాణమైన ఘట్టం 1954 జనవరి 17న మకావులో జరిగింది. హాంకాంగ్‌లో తాయ్‌చీ అనే చైనా యుద్ధకళలో వు శైలి పెద్ద వు గాంగ్‌యీ, తెల్లకొంగ అనే కుంగ్‌ఫూ శైలి మాస్టారు చాన్ హాక్‌ఫూ పత్రికల సాక్షిగా బస్తీ మే సవాల్ అనుకున్నారు. ఒకరు యాభై దాటినవారు, ఇంకొకరు ముప్పైల్లో ఉన్నవారు. వచ్చే డబ్బు క్రిస్మస్ రాత్రి శెక్ కిప్ మెయిలో గుడిసెలు కాలిపోయి వీధిన పడ్డవాళ్లకు. ఉద్దేశం బంగారం. జనం విరగబడ్డారు. ఏం ఊహించుకుని వచ్చి ఉంటారో మనకు తెలియనిది కాదు. వేలి కొస తగిలితే ఎదుటివాడు పది గజాలు ఎగిరిపడాలి. కొంగ రెక్క విప్పితే గాలి కోసుకుపోవాలి. ఇద్దరూ పైకెక్కారు. ఎక్కడికి? తాళ్లు కట్టిన బాక్సింగ్ రింగులోకి. రౌండ్లున్నాయి, న్యాయనిర్ణేతలున్నారు. మొదలుపెట్టారు. తర్వాతి సంగతి ఫిల్ములో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. చేతులు ఊపారు. ఇంకా ఊపారు. కళ్లు మూసుకుని ముందుకు తోసుకున్నారు. ఎక్కడ కొంగ అయిపోయి ఎక్కడ తాయ్‌చీ మొదలైందో చెప్పగలిగినవాడికి నా ఆస్తి రాసిస్తాను. చాన్ ముక్కుకు దెబ్బ తగిలి రక్తం కారింది. రెండో రౌండులో పోరు ఆపేశారు.

ఇప్పుడు తీర్పు చెప్పాలి. ఆ తలలు దగ్గర పెట్టుకున్న పెద్దల మాటలు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి నేనే ఊహించుకుంటాను.

"తాయ్‌చీ గెలిచిందందామా?"

"కొంగ శిష్యులు మన ఇంటికొస్తారండీ."

"పోనీ కొంగ గెలిచిందందాం."

"ముక్కులోంచి రక్తం ఎవరికి కారుతోందో అందరికీ కనిపిస్తోంది కదండీ."

"సమానం అనేద్దాం."

"అప్పుడు రెండు వైపుల వాళ్లూ వస్తారు."

"అసలు పోరే జరగలేదంటే?"

"టికెట్లు అమ్మాం మాస్టారూ!"

చివరికి ప్రకటించిన తీర్పు మాత్రం నా ఊహ కాదు: గెలుపు లేదు, ఓటమి లేదు, సమానమూ లేదు. నిదానంగా మళ్లీ చదవండి. లోకంలో ఉన్న మూడు దారులూ మూసేసి, నాలుగో దారిలోంచి పెద్దలు ఇంటికి వెళ్లిపోయారు. కాసిన పందెం డబ్బు ఎవరిని అడగాలో తెలియని వాళ్లు ఎంతమంది మిగిలారో! మూడు రోజులు తిరక్కుండానే హాంకాంగ్ పత్రిక ఒకటి యుద్ధవీరుల సీరియల్ మొదలెట్టింది. రింగులో ఎగరనివాళ్లు కాగితం మీద ఎగరడానికి అడ్డేముంది?

అదే చైనాలో 1979 నుంచి కొందరు గ్లౌజులు తొడుక్కుని, బాక్సింగ్ గుద్దులకు తమ తన్నులు, పట్లు జోడించి సాండా అనే పోటీ తయారు చేసుకున్నారు. వాళ్లకు కొట్టుకోవడం వచ్చు. మిగతావాళ్ల సంగతి 2017లో చెంగ్డూలో తేలింది. షు షియావోడాంగ్ అనే ఫైటర్ ముందు ఒక తాయ్‌చీ మాస్టారు నిమిషం కూడా నిలవలేదు. అందరూ కలిసి శిక్షణ మార్చుకుని ఉంటారనుకుంటున్నారా? షు సోషల్ మీడియా ఖాతాలు మూతపడ్డాయి. తర్వాత ఇంకో తాయ్‌చీ గురువును అవమానించాడని కోర్టు ఆయన్ను క్షమాపణ చెప్పమంది.

మన వాటా మనకూ ఉంది లెండి. కాంచీపురం నుంచి బోధిధర్ముడు వెళ్లి షావోలిన్‌లో నేర్పాడు కాబట్టి కుంగ్‌ఫూ, కరాటే, అన్నీ మనవేనని ప్రతి వాట్సాప్ గ్రూపులో ఒక బాబాయ్ తొడగొడతాడు. ఆ కథకు మూలంగా చూపే చైనా పుస్తకం పదిహేడో శతాబ్దం నాటిది. ఆ మహానుభావుడు అప్పటికి పదకొండు వందల ఏళ్ల కిందటివాడు. ఇటు నిజామాబాద్ నుంచి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. ఇది మా ప్రాచీన ఇందూరు కళ అని ఆమె ఎక్కడా అనలేదు. పని ఉన్నవాళ్లకు వంశవృక్షాలు గీసే తీరిక ఉండదు.

అసలు ఈ స్వచ్ఛత ఎప్పుడు నిద్రపోతుందో, ఎప్పుడు ఒంటికాలి మీద లేస్తుందో గమనించారా? తాళ్ల రింగు వచ్చినప్పుడు లేవలేదు. టికెట్లు అమ్మినప్పుడు, టీవీ వాళ్లు వచ్చినప్పుడు, రింగు చుట్టూ చేతులెత్తి పందేలు కాసినప్పుడు లేవలేదు. 2018లో థాయ్‌లాండ్‌లో పన్నెండేళ్ల లోపు పిల్లలను పోటీల నుంచి తప్పించాలని బిల్లు ప్రతిపాదించారు. అప్పుడు లేచింది. తరతరాల సంప్రదాయం అంది. చిన్నప్పుడే మొదలెట్టకపోతే కళ చచ్చిపోతుందంది.

ఆ ఏడాది నవంబరులోనే బ్యాంకాక్ పక్కన సముత్ ప్రాకాన్‌లో 13 ఏళ్ల పిల్లవాడు తల మీద వరుసగా గుద్దులు తిని రింగులో పడిపోయాడు. మెదడులో రక్తస్రావమై చనిపోయాడు. తలకు ఏ రక్షణా లేదు. ఎనిమిదేళ్ల వయసు నుంచి దాదాపు 170 పోటీలు ఆడాడు. ఆ రోజు పోటీ కూడా విరాళాల కోసమే.

నూటడెబ్బై! ఒక్కొక్కసారీ ఎవరో పెద్దమనిషి ఆ చిన్న చేతులకు గ్లౌజు తాళ్లు బిగించి ఉంటాడు. ఎవరో పెద్దమనిషి గంట కొట్టి ఉంటాడు. బయట ఇంకెవరో పెద్దమనిషి నోట్లు లెక్కపెట్టుకుని ఉంటాడు. పేద ఇళ్లకు ఆ డబ్బే ఆధారం అంటారు. నిజమే, ఆధారమే. పిల్లవాడి పుర్రె తాకట్టు పెడితే తప్ప ఇల్లు గడవని స్థితిని చూసి సిగ్గుతో చావాల్సింది పోయి, దానికి సంస్కృతి అని పేరు పెడతారా? బాల బాక్సర్ల మెదళ్లకు బ్యాంకాక్ డాక్టర్లు ఎంఆర్‌ఐ తీసి నష్టం చూపించారు. అదీ పరాయి కుట్రేనా?

ఆ గ్లౌజు ఎవరిని కాపాడుతుందో ఒకసారి ఆలోచించండి. ఒట్టి పిడికిలితో పుర్రెను గుద్దితే ముందు విరిగేవి కొట్టినవాడి వేళ్లు. ఆ భయానికి తల మీద దెబ్బలు ఆచితూచి పడేవి. మెత్తటి గ్లౌజు ఆ భయం తీసేసింది. బాక్సింగ్ దేశాలేమీ పుణ్యభూములు కావు, వాళ్ల శ్మశానాలు వాళ్లకున్నాయి. కానీ ఎంతోమందిని పూడ్చాక వాళ్లు నేర్చుకున్న నాలుగు జాగ్రత్తలున్నాయి. థాయ్ పెద్దలు ఓడలోంచి గ్లౌజు దించుకున్నారు, గంట దించుకున్నారు, టికెట్ పుస్తకం దించుకున్నారు. డాక్టరు, వయసు పరిమితి మాత్రం దిగబోయేసరికి "ఇది మా ఆచారం కాదు" అని రేవులో అడ్డం నిలబడ్డారు.

సరే, స్వచ్ఛతే కావాలంటే పూర్తిగా కానివ్వండి. రింగు తాళ్లు కోసేయండి. గ్లౌజులు విప్పించండి. టీవీ ఒప్పందం చించేయండి. టికెట్ డబ్బు ఎవరిది వాళ్లకు తిరిగిచ్చేయండి, పందేల వాళ్లను గేటు బయటికి తరమండి. చిల్లు పెట్టిన కొబ్బరి చిప్ప తెచ్చి నీళ్లలో వదలండి. అవన్నీ అయ్యాక వచ్చి వయసు పరిమితి మన సంస్కృతి కాదని చెబితే కూర్చుని వింటాను. ఈలోగా ఆ పిల్లల్ని రింగులోంచి దింపండి.