డాబా మీది సోలార్‌కి ధర కట్టేదెలా? అక్కాతమ్ముళ్ళ వాదన

అక్క ఇల్లు అమ్మకానికి పెట్టింది. డాబా మీద ఏడేళ్ళ కింద పెట్టించిన 5 కిలోవాట్ల సోలార్ ఉంది, 330 వాట్ల ప్యానెళ్ళు 15. దాని విలువ ఇంటి ధరలో కలవాల్సిందేనని ఆవిడ పట్టుదల. తమ్ముడేమో సోలార్ ఉన్న ఇల్లే ఒకటి కొని దెబ్బతిన్నవాడు, అందుకే సొంత అక్క ఇల్లయినా కొనేవాళ్ళ వైపు నుంచే మాట్లాడతాడు. ఒక సాయంత్రం ఇద్దరికీ జరిగిన వాదన ఇది.

తమ్ముడు: ముందు ఒకటి చెప్పక్కా. నువ్వు అడుగుతున్న ధరలో సోలార్ వాటా ఎంత వేశావు?

అక్క: పెట్టించడానికి ఎంతయిందో దాదాపు అంతా వేశాను. ఎందుకు వేయకూడదు? నా డబ్బు పెట్టి, ఎండలో నిలబడి, ఒక్కో బోల్టు బిగించేదాకా దగ్గరుండి చేయించుకున్నాను.

తమ్ముడు: నువ్వు పెట్టిన ఖర్చు కొనేవాడికి ఎందుకు? వాడు చూసేది ఈరోజు కొత్తది పెట్టించుకుంటే ఎంతవుతుందని. 2010 తర్వాతి పదేళ్ళలో ప్యానెళ్ళ ధర ప్రపంచమంతా 80 శాతానికి పైగా పడిపోయింది. ఇప్పుడు ఒక్కో ప్యానెలే 400 వాట్లు దాటి వస్తోంది, నీ 15 చేసే పని 12 చేస్తాయి, పైగా వాటికి వారంటీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఏడేళ్ళు వాడిన సామానుకి కొత్తదాని ధర ఎవరిస్తారు?

అక్క: వాడిన సామాను అంటున్నావు, మరి అది ఎంత అరిగిందో చూశావా? ప్యానెల్లో తిరిగే భాగం ఒక్కటీ లేదు. మామూలుగా ఏడాదికి అర శాతం అటూ ఇటూగా ఉత్పత్తి తగ్గుతుంది, అంతే. ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడుకునేలా మార్చే పెట్టె, అదే నా ఇన్వర్టర్‌లో లెక్క మొత్తం ఉంది. మొదటి ఏడాది 7,100 యూనిట్లు, పోయిన ఏడాది 6,850. అందులో మబ్బులు ఎక్కువ పట్టిన నెలలు కూడా ఉన్నాయి. కొత్తది పెట్టించుకునేవాడు అనుమతులకీ మీటర్ మార్పిడికీ ఎన్నాళ్ళు తిరగాలో నాకు తెలుసు, నేను తిరిగాను కాబట్టి. నా ఇంట్లో చేరినవాడికి మర్నాడు పొద్దున్నే కరెంటు తయారవుతూ ఉంటుంది.

తమ్ముడు: ప్యానెళ్ళ మాట ఒప్పుకుంటాను. ఇన్వర్టర్? దాని ఆయుష్షు పది పదిహేనేళ్ళు. నీదానికి ఏడు నిండాయి, వారంటీ ఐదేళ్ళకే అయిపోయింది. దాన్ని మార్చే ఖర్చు కొత్త యజమాని నెత్తినే పడుతుంది కదా.

అక్క: సరే, అది తీసేస్తాను. ఇన్వర్టర్ మార్చడానికి అయ్యేది ధరలోంచి తగ్గిస్తాను. కానీ మొత్తానికి సున్నా అంటే మాత్రం ఊరుకోను.

తమ్ముడు: సున్నా అనట్లేదు. అసలు ఆ ప్యానెళ్ళు నీవేనా అని అడుగుతున్నాను. నాకేం జరిగిందో మర్చిపోయావా? ఇల్లు చూపించినప్పుడు అమ్మినాయన కరెంటు బిల్లు చేతికిచ్చి 'చూడండి ఎంత తక్కువో' అన్నాడు. నిజంగానే తక్కువ. రిజిస్ట్రేషన్ అయిన నెలకి సోలార్ కంపెనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, ప్యానెళ్ళు మావి, లీజు 20 ఏళ్ళు, ఇంకా 13 ఉన్నాయి, నెలనెలా అద్దె కట్టండి, ఆ అద్దె ఏటా పెరుగుతుంది అని. బిల్లులో మిగిలిందంతా అద్దెకే పోతోంది. తెంచుకుందామంటే ఒకేసారి పెద్ద మొత్తం కట్టమన్నారు. మూడు నెలలు నిద్ర పట్టలేదక్కా. ఆయన అబద్ధం ఒక్కటీ ఆడలేదు, లీజు అన్న మాట మాత్రం ఎత్తలేదు. నేను అడగలేదు, అడగాలని తెలియదు.

అక్క: నాది లీజు కాదురా. లోన్ పెట్టి కొన్నాను, అవి నావే. ఇంకో రెండేళ్ళ వాయిదాలున్నాయి, ఇల్లు అమ్మిన డబ్బుతో తీర్చేస్తాను.

తమ్ముడు: అదే ప్రమాదం. అప్పిచ్చినవాళ్ళు ఆ సామాను మీద హక్కు రాయించుకుని ఉంటారు, నీ కాగితాలు తీసి చూడు. అప్పు తీరేదాకా అది కొనేవాడికి పూర్తిగా దఖలు పడదు. తర్వాత తీరుస్తాను అన్న మాట చాలదు. ముందే తీర్చి బాకీ లేదన్న లెటర్ తెచ్చుకో, కుదరకపోతే ఎంత బాకీ ఉందో, ఏ రోజు ఎవరు కడతారో అగ్రిమెంటులోనే రాయించు.

అక్క: రాయిస్తాను. దాంట్లో నాకు దాచేదేం లేదు.

తమ్ముడు: ఇంత తలనొప్పి ఎందుకు, ఊడదీసి నీ కొత్తింటికి పట్టుకెళ్ళిపోరాదూ?

అక్క: ఊడదీయడం అంత తేలికనుకున్నావా? ఒక్కో ప్యానెల్ ఇరవై కిలోల పైమాటే, స్టాండ్లు, వైర్లు, ఎర్తింగ్ అన్నీ విప్పాలి. దించేటప్పుడు అద్దం పగిలితే ఆ ప్యానెల్ పోయినట్టే. కరెంటు కంపెనీ ఇచ్చిన అనుమతి ఈ ఇంటి కనెక్షన్‌కి, అక్కడికి వెళ్ళాక మళ్ళీ మొదట్నుంచీ. ఆ ఇంటికి పక్కనే ఎత్తయిన బిల్డింగ్ ఉంది, మధ్యాహ్నం రెండు దాటితే నీడ. ఇక్కడ డాబా మీదేమో బోల్టులు తీసిన కన్నాలు మిగులుతాయి.

తమ్ముడు: కన్నాలంటే గుర్తొచ్చింది. ఆ వెనక గదిలో, కిటికీ పైన, సీలింగ్‌కి అరచేయంత మేర కొత్త పెయింట్ ఉంది. చుట్టూ పాత తెలుపు, అక్కడ మాత్రం మెరుస్తోంది. ఏంటది?

అక్క: ... స్టాండు కాలు దిగిన చోటు. మూడేళ్ళ కింద చెమ్మ వచ్చింది. బోల్టు చుట్టూ పూసిన సీలెంట్ ఎండకి పగిలి నీళ్ళు దిగాయి. బాగుచేయించాను. ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయాయి, చుక్క పడలేదు.

తమ్ముడు: మరి కొనేవాడికి చెప్పావా?

అక్క: బాగైపోయిందాన్ని ఎందుకు చెప్పాలి? చెబితే ప్రతివాడూ డాబా అంతా కారుతుందనుకుంటాడు.

తమ్ముడు: నాకు అమ్మినాయన కూడా అలాగే అనుకుని ఉంటాడు. అక్కా, చెప్పు. బాగుచేసిన బిల్లు చూపించు, సీలింగ్ కింద నిలబెట్టి చెయ్యి పెట్టి చూసుకోమను. వాడంతట వాడు కనిపెడితే నువ్వు చెప్పిన 6,850 కూడా నమ్మడు.

అక్క (కాసేపు మాట్లాడలేదు): సరే. చెబుతాను.

తమ్ముడు: ప్రకటనలో ఇంకో లైను ఉంది, 'కరెంటు పోయినా చింత లేదు' అని. బ్యాటరీ ఉందా?

అక్క: లేదు.

తమ్ముడు: మరి కరెంటు పోతే నీ సోలార్ కూడా ఆగుతుంది కదా! లైన్లో కరెంటు లేదని తెలియగానే ఇన్వర్టర్ ఆగిపోవాలి, లేకపోతే మనం పంపే కరెంటుకి స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం పోతుంది. ఎండ మండిపోతున్నా బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ లేకపోతే ఫ్యాను తిరగదు. ఆ లైను తీసెయ్.

అక్క: ప్రకటన రాసిన ఏజెంటు పెట్టాడు, నేను చదివి వదిలేశాను. తీయిస్తాను. 'బిల్లు సగానికి సగం' అన్నది మాత్రం ఉంటుంది, అది నిజం.

తమ్ముడు: నీకు నిజం. నువ్వు పగలంతా ఇంట్లోనే పనిచేస్తావు, మిషను, ఏసీ, మోటరు అన్నీ ఎండలోనే నడుస్తాయి. కొనేవాళ్ళు ఇద్దరూ పొద్దున వెళ్ళి రాత్రి వచ్చేవాళ్ళయితే? తయారైందంతా బయటికి పోతుంది. బయటికి పంపిన యూనిట్‌కీ తీసుకున్న యూనిట్‌కీ ఒకే రేటు కట్టే చోట ఫర్వాలేదు, చాలాచోట్ల పంపినదానికి తక్కువ ఇస్తారు. పైగా పంపినదీ తీసుకున్నదీ రెండూ లెక్కగట్టే నీ పాత నెట్ మీటర్ ఒప్పందం పేరు మారాక అదే షరతులతో నడుస్తుందా, కొత్త షరతులు పడతాయా అన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. కరెంటు కంపెనీ నుంచి కాగితం మీద తెచ్చుకో.

అక్క: ఇది బాగా చెప్పావు. వాళ్ళ బిల్లు ఎంతొస్తుందో నేనెలా చెబుతాను? యూనిట్లయితే చెప్పగలను. ప్రకటనలో బిల్లు మాట తీసేసి ఏడేళ్ళ యూనిట్లు నెలవారీగా పెడతాను. వాళ్ళ లెక్క వాళ్ళు వేసుకుంటారు. కానీ ధర దగ్గర నేను తగ్గేదొకటుంది, తగ్గనిదొకటుంది. పెట్టిన ఖర్చు అడగను. ఇకమీదట అది మిగిల్చే కరెంటు విలువలో వాటా మాత్రం అడుగుతాను. వారంటీ 25 ఏళ్ళు, ఇంకా 18 ఉన్నాయి.

తమ్ముడు: 25 ఏళ్ళన్నది ఉత్పత్తి ఫలానా శాతం కంటే పడిపోదన్న మాటే, సామాను వారంటీ మామూలుగా పది పన్నెండేళ్ళే ఉంటుంది. నేనైతే ఐదేళ్ళ ఆదాకి మించి లెక్కలోకి తీసుకోను.

అక్క: ఐదు కుదరదు. పది.

తమ్ముడు: పదేళ్ళ తర్వాత రావాల్సిన లాభానికి ఈరోజే డబ్బు ఎవడు కడతాడక్కా?

అక్క: పదేళ్ళ లాభం ఈరోజు ఉచితంగా ఎవడికిస్తానురా?

తమ్ముడు: అది కొనేవాడితో తేల్చుకో. వారంటీ పేరు మారుతుందా? యజమాని మారితే ఫలానా గడువులోపు తెలియజేయాలని కొన్ని కంపెనీలు షరతు పెడతాయి.

అక్క: కార్డు ఇదిగో. 15 సీరియల్ నంబర్లూ ఉన్నాయి. ఆగు, మూడో ఏడాది ఒక ప్యానెల్ అద్దం పగిలితే మార్చారు. దాని నంబరు ఇందులో ఎక్కించారో లేదో.

తమ్ముడు: నంబరు ప్యానెల్ వెనకే అంటించి ఉంటుంది. టార్చి ఉందా?

అక్క: చీకట్లో వద్దు, రేపు పొద్దున ఎక్కుదాం. ఈలోగా యూనిట్లు చూపించే ఆ ఫోన్ యాప్ సంగతి చూడు. అకౌంటు నా పేరు మీద లేదనుకుంటా, అప్పట్లో బిగించినవాడి మెయిల్‌తో తెరిచాడు.