ఈ హెలికాప్టర్‌పై ఎన్ని గంటలు?

హెలికాప్టర్ కూలిన ప్రతిసారీ వార్తల్లో ఒక మాట తప్పకుండా వస్తుంది: పైలట్‌కు వేల గంటల అనుభవం ఉందని. అది అబద్ధం కాకపోవచ్చు. ఆ గంటలు ఏ హెలికాప్టర్‌ మీద గడిచాయో మాత్రం ఎవరూ ఆరా తీయరు. ఎన్నికలొస్తే బేగంపేట నుంచి నాయకుల హెలికాప్టర్లు వరసగా లేస్తాయి. మేడారం జాతరకు భక్తులూ గాల్లో వెళ్తున్నారు. ఆరా తీయాల్సిన అవసరం ఇక్కడే ఎక్కువ.

హకీంపేటలోని వైమానిక దళ హెలికాప్టర్ శిక్షణ పాఠశాలలో ఏళ్ల తరబడి పైలట్లు చేతక్‌ హెలికాప్టర్‌ మీదే ఓనమాలు దిద్దారు. చేతక్ ఫ్రెంచి డిజైన్. పైనుంచి చూస్తే దాని రోటర్ (నెత్తిన తిరిగే రెక్కలు) గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. బెల్, రాబిన్సన్ వంటి అమెరికా హెలికాప్టర్లలో అందుకు ఎదురు. శక్తి పెంచగానే చేతక్ ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి పెడల్ తొక్కి ఆపాలి. బెల్ 407లో ఆ పని ఎడమ కాలిది. మామూలుగా ఈ తేడా లెక్కలోకి రాదు. దిగబోతుండగా పక్కగాలి కొట్టి ముక్కు గిర్రున తిరిగితే మాత్రం ఆలోచన కంటే ముందు పాత అలవాటున్న కాలే కదులుతుంది. అమెరికా యంత్రాలపై నేర్చుకుని ఫ్రెంచి కాబ్రీ జీ2కి మారిన పైలట్లకు ఇలాగే ప్రమాదాలు జరిగాయి. చివరికి తయారీదారే హెచ్చరించాల్సి వచ్చింది.

చిన్నది కదా, నడపడం సులువనుకుంటే అదీ పొరపాటే. రెండు సీట్ల రాబిన్సన్ ఆర్22లో ఇంజిన్ ఆగితే రెక్కల వాలును మార్చే కలెక్టివ్ లీవర్‌ను తక్షణం దించాలి. రెండు సెకన్లు తాత్సారం చేసినా రోటర్ వేగం మళ్లీ అందనంతగా పడిపోవచ్చు. పెద్ద హెలికాప్టర్లపై చేయి తిరిగినవారికి అంత తొందర అలవాటు ఉండదు. అందుకే అమెరికా 1995లో దానికంటూ ప్రత్యేక నిబంధన పెట్టింది: హెలికాప్టర్లపై 200 గంటలు, అందులో ఆర్22పై 50 గంటలు ఉండాలి. లేదంటే శిక్షకుడితో కలిసి ఆర్22పై 10 గంటలైనా ఎగరాలి.

మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కూడా ఒక్కో రకం హెలికాప్టర్‌కు పైలట్ లైసెన్సులో విడిగా ఎండార్స్‌మెంట్ (అనుమతి) అడుగుతుంది. అయితే అది చేతికొచ్చిన వారానికే, హడావుడిగా చదును చేసిన జొన్నచేలో, కళ్లు కనపడని దుమ్ములో, సభకు ఆలస్యమవుతోందని వెనక సీటు తొందరపెడుతుంటే దిగమనడం న్యాయమా? 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో బేగంపేటలో బయల్దేరిన బెల్ 430 నల్లమలలో కూలింది. వాతావరణం బాగాలేదు, నిజమే. కానీ ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ శక్తిని రోటర్‌కు అందించే గేర్ల పెట్టె) ఆయిల్ ప్రెషర్ సమస్యకు అత్యవసర సూచనల పుస్తకంలో దారి వెతుకుతూ పైలట్లు విలువైన నిమిషాలు పోగొట్టుకున్నారని దర్యాప్తులో తేలింది.

పెళ్లికి హెలికాప్టర్ మాట్లాడుకునేవారు గంటకు రేటెంతని నాలుగుసార్లు అడుగుతారు. పైలట్ ఇదే రకంపై ఎన్ని గంటలు నడిపాడు, గత 90 రోజుల్లో ఎన్ని నడిపాడు అన్నవి ఒప్పంద పత్రంలోనే రాసివ్వాలని డీజీసీఏ ఆపరేటర్లను ఆదేశించాలి. పార్టీలూ ప్రభుత్వాలూ అది చూడకుండా నాయకులను ఎక్కించకూడదు. ఆపరేటర్లకు ఇది కొత్త భారమేమీ కాదు, ఆ లెక్కలన్నీ పైలట్ లాగ్‌బుక్‌లో ఉండేవే.