తని ఆవర్తనంలో పులిహోర

ఒంటరిగా పాడుకునేవాళ్ళ సుఖమే సుఖం. కావాలంటే మా మాస్టారిని చూడండి. రిటైరైన లెక్కల మాస్టారు. పొద్దున్నే శ్రుతి పెట్టె ఆన్ చేసి అరుగు మీద కూర్చుంటారు. ఊపిరి అందకపోతే అనుపల్లవిలో ఆగుతారు. చరణం మధ్యలో పాలవాడు వస్తే బాకీ లెక్క తేల్చి, చిల్లర గుప్పిట్లో పెట్టుకుని, ఆగిన చోట నుంచే మళ్ళీ ఎత్తుకుంటారు. తాళం సంగతంటారా, పాపం అది ఈలోపు ఎక్కడికీ పోకుండా ఆయన కోసమే కాచుకుని ఉంటుంది.

ఇంత హాయిగా బతుకుతున్న మనిషికి శ్రీరామనవమి పందిట్లో కచేరీ పెట్టాలని మా కాలనీ కమిటీకి బుద్ధి పుట్టింది. ఒక పక్క మృదంగం, ఇంకో పక్క వయొలిన్‌తో నేను. మన కచేరీలకి రిహార్సల్ చేసే అలవాటు పెద్దగా లేదు కదా. పెళ్ళిచూపులూ, పెళ్ళీ రెండూ వేదిక మీదే.

ముందురోజు ఫోన్లో "శ్రుతి ఎంత మాస్టారూ?" అని అడిగితే "ఒకటిన్నర" అన్నారు. మృదంగం ఆయన దానికి తగ్గ వాద్యమే మోసుకొచ్చారు. తీరా వేదికెక్కాక మాస్టారు గొంతు సవరించుకుని, "జలుబుగా ఉందోయ్, ఒకటికి దింపేద్దాం" అన్నారు. ఇంట్లో అయితే మీట తిప్పితే పోయేది. ఇక్కడ నేను నాలుగు తీగలూ దింపుకోవాలి. మృదంగం ఆయనైతే వాద్యాన్ని ఒళ్ళో తిప్పుకుంటూ, రాయీ కొయ్యముక్కా పుచ్చుకుని, కుడి మూత అంచు చుట్టూ ఒక్కో దెబ్బా కొట్టుకుంటూ రావాలి. అదయ్యాక ఎడమ మూతకి తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతుంటే, ముందు వరసలో ఒక బుడతడు "అమ్మా! డోలుకి ఉప్మా పెడుతున్నారు!" అని అరిచాడు. సభ మొత్తం ఘొల్లుమంది. ఆ సాయంత్రం మేం సంపాదించుకున్న మొదటి స్పందన అదే.

మొదటి రెండు కీర్తనలూ ఎలాగో గట్టెక్కాయి. మాస్టారు అరుగు మీద ఆగే చోటల్లా ఇక్కడా ఆగారు. మృదంగం మాత్రం ఆగలేదు. మాస్టారు పాట మధ్యలోనే నా వైపు వంగి, "నేను ఆగినా ఆయన ఆగడేంటోయ్?" అన్నారు.

"తాళం నడుస్తోంది కదా మాస్టారూ."

"నేను లేకుండా ఎక్కడికి నడుస్తుంది?"

జీవితమంతా పిల్లలకి ఎక్కాలు అప్పగించుకున్న మనిషి ఎనిమిది అక్షరాల ఆది తాళం దగ్గర ఇంత మొండికేస్తే ఏం చెప్పను?

సోలో అంటే నాకూ గౌరవమే. వయొలిన్ వాయించేవాణ్ణి, నాకు కాక ఇంకెవరికి ఉంటుంది! పక్కన ఒదిగి కూర్చునే ఈ వాద్యంతో ప్రధాన కళాకారుడిగా కచేరీలు చేసి ఒప్పించినవారు మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. అయినా కర్ణాటక సంగీతంలో సోలో కచేరీ అన్నా మృదంగం పక్కన ఉండాల్సిందే. బాలమురళీకృష్ణ గారికి పాటతో పాటు వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర అన్నీ వచ్చు. ఎవరి అవసరమూ లేదనుకోగల అర్హత ఎవరికైనా ఉంటే ఆయనకే ఉండాలి. ఆయనా పక్కవాద్యాలతోనే పాడారు. ఈ మాటలన్నీ మాస్టారికి వేదిక మీద చెప్పే వీలేదీ!

ప్రధాన కీర్తన కల్యాణి రాగంలో. స్వరకల్పన అయ్యాక మృదంగం ఆయన మాస్టారి వంక ఆశగా చూశారు. "తని వదలండి మాస్టారూ" అన్నాను మెల్లగా.

"అంటే ఆయనొక్కడే వాయించుకుంటాడా? ఎంతసేపు?"

"పది నిమిషాలైనా పడుతుంది."

"భేష్" అని మాస్టారు లేచి వేదిక దిగి వెళ్ళిపోయారు.

తని ఆవర్తనంలో గాయకుడు పాడక్కర్లేదు గానీ, కదలకుండా కూర్చుని తాళం వెయ్యాలి. మృదంగం వేసే చిక్కుముడులన్నీ ఆ చేతిని నమ్ముకునే. చెయ్యి కాస్తా మనిషితో సహా పందిరి వెనక్కి, కమిటీవారి పులిహోర గంగాళం దగ్గరికి వెళ్ళింది. నేను కమాను ఒళ్ళో పెట్టుకుని తాళం అందుకున్నాను. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బా తిప్పూ, దెబ్బా తిప్పూ. మృదంగం ఆయన కోపమంతా వేళ్ళలోకి దిగి నడక రెట్టించారు. జనం ఈలలు. వాళ్ళకేం తెలుసు, అది విద్వత్తు కాదు, ఉక్రోషమని!

తనిని ముగించే ముక్తాయింపు మొదలైంది. అది మూడుసార్లు వాయించాక సమం, అంటే తాళం మొదటి దెబ్బ, దాటిన అరక్షరానికి గాయకుడు పల్లవి ఎత్తుకోవాలి. మొదటిసారి అయింది. మాస్టారు లేరు. రెండోసారికి మెట్ల దగ్గర ఉత్తరీయం కనిపించింది. మూడోసారి సగంలో ఉండగా మాస్టారు వచ్చి కూర్చోనే కూర్చున్నారు. ఎడం చేతిలో ఆకు దొన్నె, కుడి చెయ్యి అయిదు వేళ్ళూ పసుపుపచ్చగా, రెండు బుగ్గలూ నిండుగా. సమం వచ్చింది. మాస్టారు నోరు తెరిచారు. రావాల్సిన పల్లవి బదులు వేరుశనగపప్పు ఒకటి మైకుకి తగిలి టక్కుమంది. అది మాత్రం సరిగ్గా అరక్షరానికే పడింది.

కమాను లాగి పల్లవి నేనే అందుకున్నాను. జనం ఇదేదో ముందే అనుకుని చేసిన ఏర్పాటనుకుని చప్పట్లు కొట్టారు. మాస్టారు నములుతూనే నన్ను మెచ్చుకోలుగా చూసి తలాడించారు.

మంగళం పాడాక శాలువాలు కప్పుతూ కమిటీ సెక్రటరీగారు మృదంగం ఆయన చేతులు పట్టుకున్నారు. "మీరొక్కరే వాయించిన ముక్కుంది చూశారూ, అదండీ కచేరీ అంటే! వచ్చే ఏడాది మీరొక్కరే రండి, మాకూ ఖర్చు కలిసొస్తుంది."

"మరి తాళం ఎవరు వేస్తారండీ?" అన్నారాయన నీరసంగా.

"నేను లేనూ?" అన్నారు మాస్టారు, చెయ్యి కడుక్కోవడానికి నీళ్ళు ఎక్కడున్నాయా అని చూస్తూ.