నొప్పి మందుకు ఆఖరి రోజులే రావాలా?

‘ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి.’ చాలామంది తల్లిదండ్రులకు పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులో నొప్పి, బాధ తగ్గించే సేవ) అనే మాట చెవిన పడేది ఈ మాట విన్నాకే. అందుకే దాని పేరెత్తితే పిల్లాడిని వదిలేసుకున్నట్టేనని భయపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వేరు: పిల్లల్లో ఈ సేవ జబ్బు బయటపడిన రోజే మొదలవ్వాలి, చికిత్స సాగినా ఆగినా కొనసాగాలి. కీమో ఆపితేనే నొప్పి మందు ఇస్తామన్న షరతేమీ లేదు. కేన్సరే కాదు, కండరాల క్షీణత, పుట్టుకతో వచ్చే తీవ్రమైన మెదడు జబ్బులూ దీని కిందికే వస్తాయి. ఈ జబ్బులున్న పిల్లల్లో ఏళ్ల తరబడి బతికేవాళ్లూ ఉంటారు.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి పిల్లలకు ఈ సేవ అందిస్తోంది. నొప్పి ఎంతో చెప్పలేని పిల్లలకు నవ్వు నుంచి ఏడుపు దాకా ముఖాల బొమ్మలు చూపిస్తారు. పిల్లాడు వేలు పెట్టిన బొమ్మ చూసి తీవ్రత అంచనా వేస్తారు. నొప్పి ఎక్కువైతే నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు మార్ఫినే దిక్కు. మామూలు మార్ఫిన్ మాత్రయితే సాధారణంగా నాలుగు గంటలకోసారి, నొప్పి తిరగబెట్టకముందే వేయాలి. మలబద్ధకం రాకుండా విరేచనాల మందూ తోడివ్వాలి. ‘అలవాటు పడిపోతాడేమో’ అన్న టెన్షన్ అమ్మానాన్నలకే కాదు, కొందరు డాక్టర్లకూ ఉంది. సరైన డోసులో నొప్పికి వాడితే ఆ ముప్పు తక్కువే. 1985 నాటి మత్తుమందుల చట్టం కింద పలు లైసెన్సులు కావాల్సి రావడంతో చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. 2014 సవరణ ఆ ముడి సడలించింది. భయం మాత్రం సడలలేదు.

నా దృష్టిలో అసలు లోటు ఇంటి దగ్గర. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్ ఖర్చుకు ఒక దారి దొరికింది. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఫోనెత్తే నర్సు ఎవరు? కూలి మానుకుని మంచం పక్కన కూర్చున్న తండ్రికి ఆ రోజు గడిచేదెలా? అమ్మమ్మ ఇంటికి పంపేసిన అక్కకు ‘తమ్ముడికి ఏమైంది’ అని చెప్పేదెవరు? పెద్దలు దాచామనుకుంటారు గానీ పిల్లలకు చాలావరకు అర్థమయ్యే ఉంటుంది. ఆ మాట కదపడానికి శిక్షణ పొందిన కౌన్సెలర్ కావాలి. ‘ధైర్యంగా ఉండండి’ అనే చుట్టాలు ఎలాగూ ఉంటారు!

తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ వార్డులు తెరవడం మంచి అడుగే. అక్కడ పిల్లల బరువును బట్టి డోసు లెక్కగట్టే డాక్టరున్నారా, మింగలేని పిల్లలకు మార్ఫిన్ ద్రవరూపంలో దొరుకుతోందా, ఊళ్లకు వెళ్లే నర్సుకు బండి ఉందా అన్నది ప్రభుత్వం జిల్లాల వారీగా బయటపెట్టాలి.