టవర్‌ భయాన్ని కొట్టిపారేయకండి, కొలిచి చూపండి

ప్రతి సోమవారం శ్రీకాకుళం, విజయనగరం కలెక్టరేట్లలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు భూతగాదాల అర్జీలు, పింఛన్ల అర్జీలు వెల్లువెత్తుతాయి. వాటి నడుమ అప్పుడప్పుడూ ‘మా వీధిలో నివాసాల మధ్య సెల్‌ టవర్‌ నిర్మాణం ఆపించ ప్రార్థన’ అనే అర్జీ ఒకటి వస్తుంది. ఈ అర్జీలన్నీ దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి. మొదటి పేరాలో రేడియేషన్‌, క్యాన్సర్‌, గర్భిణులు, పసిపిల్లలు. రెండో పేరాకు వచ్చేసరికి అధికారి చూపు సంతకాల మీదికి వెళ్ళిపోతుంది గానీ, అసలు గోడు అక్కడే ఉంటుంది. మేడ యజమాని చుట్టుపక్కల ఎవరినీ అడగకుండా డాబా అద్దెకిచ్చేశాడు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్‌ మోతకు, డీజిల్‌ పొగకు ముసలివాళ్ళకు నిద్ర ఉండదు. రేపు తుపాను వచ్చి ఆ ఇనుప చట్రం పక్కింటి రేకుల మీద పడితే ఎవరు పూచీ?

ఈ రెండో పేరాలోని ఫిర్యాదులకు మన వ్యవస్థలో వినేవారు లేరు కాబట్టే మొదటి పేరా పుట్టింది. 2022లో సవరించిన రైట్‌ ఆఫ్‌ వే (టెలికాం నిర్మాణాలకు దారి హక్కు) నిబంధనల ప్రకారం ప్రైవేటు స్థలంలోనో, భవనం మీదో టవర్‌ పెట్టడానికి స్థానిక సంస్థ అనుమతి అక్కర్లేకుండా పోయింది. ముందుగా సమాచారం ఇచ్చి, కట్టడం ఆ బరువును మోయగలదని స్ట్రక్చరల్‌ ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేస్తే చాలు. ఆ పత్రాన్ని పక్కింటివాళ్ళు చూసేదీ లేదు, చూపించేవారూ లేరు. ఇక పనిని ఒక్క రోజైనా ఆపగలిగే మాట రేడియేషన్‌ ఒక్కటే అయినప్పుడు జనం దాన్నే పట్టుకుంటారు. ఇందులో మూఢత్వం కన్నా లోకజ్ఞానమే ఎక్కువ. అయితే ఆ మాటలో ఉన్నదెంత, లేనిదెంత అన్నది విడిగా తేల్చుకోవలసిందే.

శ్రీకాకుళం జిల్లాలో రేడియేషన్‌ అనగానే చాలామందికి రణస్థలం మండలం కొవ్వాడ గుర్తొస్తుంది. అక్కడ తలపెట్టిన అణు విద్యుత్‌ కేంద్రం మీద మత్స్యకార గ్రామాలు ఏళ్ళ తరబడి వినిపించిన ఆందోళన అయనీకరణ రేడియేషన్‌కు సంబంధించినది. అణువులోంచి ఎలక్ట్రాన్‌ను పెకలించి, కణంలోని డీఎన్‌ఏను నేరుగా దెబ్బతీయగల శక్తి దానికి ఉంటుంది. కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలోని మోనజైట్‌లో ఉన్న థోరియం వెలువరించేదీ ఆ జాతిదే. సెల్‌ టవర్‌ నుంచి వచ్చేది రేడియో తరంగం. అయనీకరణకు సుమారు 10 ఎలక్ట్రాన్‌ వోల్టుల శక్తి కావాలి. 900 మెగాహెర్ట్జ్‌ తరంగంలోని ఒక్కో ఫోటాన్‌కు, అంటే ఒక్కో శక్తి పొట్లానికి, ఉండేది ఒక ఎలక్ట్రాన్‌ వోల్టులో పది లక్షల వంతుల్లో నాలుగుకు మించదు. మనకు తెలిసిన రోజువారీ సూర్యకాంతి ఫోటాన్లకే దానికన్నా ఎన్నో లక్షల రెట్లు ఎక్కువ శక్తి ఉంది. రేడియో తరంగం శరీరంలో చేయగలదని నిర్ద్వంద్వంగా రుజువైన పని కణజాలాన్ని వేడెక్కించడం. పరిమితులన్నీ ఆ వేడిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవే.

ఇలాంటి రేడియేషన్‌ నుంచి రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఇక్‌నిర్ప్‌ సూచించిన పరిమితి 900 మెగాహెర్ట్జ్‌ దగ్గర చదరపు మీటరుకు 4.5 వాట్లు. భారత ప్రభుత్వం మంత్రిత్వ శాఖల ఉమ్మడి కమిటీ నివేదిక మీద 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్లకు దాన్ని పదో వంతుకు, అంటే 0.45 వాట్లకు తగ్గించింది. 1800 మెగాహెర్ట్జ్‌ దగ్గర అది 0.9 వాట్లు. మరి వీధిలో నిజంగా ఎంత పడుతుంది? 20 వాట్ల ట్రాన్స్‌మిటర్‌ శక్తిని యాంటెన్నా ఒకే దిక్కుకు కూడగట్టి 50 రెట్లు చేసిందనుకుందాం. కిరణం తిన్నగా తగిలే చోట 20 మీటర్ల దూరంలో లెక్క ప్రకారం చదరపు మీటరుకు 0.2 వాట్లు వస్తుంది. దూరం రెట్టింపై 40 మీటర్లయితే 0.05, 100 మీటర్ల దగ్గర 0.008. దూరం రెండింతలైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక్కడే మన వీధి తగాదాల్లో ఒక తమాషా ఉంది. యాంటెన్నా పలకలు నేల వైపు కాక ఎదురుగా, కాస్త కిందికి వాలి చూస్తుంటాయి. దీపస్తంభం మొదట్లో చీకటి ఉన్నట్టు, టవర్‌ సరిగ్గా కింద ఉన్న ఇంటికి పడేది తక్కువ. నేల మీద తీవ్రత ఎక్కువగా ఉండేది కొన్ని పదుల మీటర్ల నుంచి వందా రెండువందల మీటర్ల అవతల, అదీ పరిమితిలో చిన్న పాలే. నిజంగా జాగ్రత్త పడవలసినది యాంటెన్నాకు ఎదురుగా, అదే ఎత్తులో ఉన్న మేడ. అందుకే టెలికాం శాఖ మార్గదర్శకాలు ఒక యాంటెన్నా ఉంటే 20 మీటర్లు, రెండుంటే 35 మీటర్లు ఎదుటి భవనానికి ఎడం ఉండాలన్నాయి. విజయనగరం కోట చుట్టూ ఉన్న ఇరుకు వీధుల్లో రెండంతస్తుల ఇళ్ళు నాలుగంతస్తులవుతున్నాయి. టవర్‌ పెట్టిననాడు ఖాళీగా ఉన్న ఎదురు స్థలంలో మూడేళ్ళ తరువాత అపార్ట్‌మెంట్‌ లేస్తే ఈ ఎడాన్ని ఎవరు చూస్తున్నారు? అర్జీలలో ఈ ప్రశ్న కనబడదు. అడగవలసిన ప్రశ్న మాత్రం ఇదే.

క్యాన్సర్‌ సంగతికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్‌ పరిశోధన సంస్థ 2011 మేలో రేడియో తరంగాలను ‘2బి’ వర్గంలో, అంటే క్యాన్సర్‌ కలిగించే అవకాశం ఉండవచ్చన్న జాబితాలో చేర్చింది. టవర్లను వ్యతిరేకించేవారు ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతారు. ఆ నిర్ణయానికి ఆధారం ఫోనును తలకు ఆనించి విపరీతంగా మాట్లాడినవారి మీద జరిగిన అధ్యయనాలు. టవర్ల వంటి పరిసర మూలాల విషయంలో సాక్ష్యం చాలదని అదే సంస్థ చెప్పింది. మరోవైపు, కూరగాయల పచ్చళ్ళు కూడా అదే జాబితాలో ఉన్నాయి కదా అని వెటకారం చేసేవారున్నారు. వారూ పూర్తిగా చదవలేదు. అక్కడి పచ్చళ్ళు తూర్పు ఆసియా పద్ధతిలో పులియబెట్టినవి, మన ఆవకాయ కాదు. పైగా 2బి అంటే ‘ప్రమాదం లేదు’ అని కాదు, ‘తేలలేదు’ అని.

తేల్చే ప్రయత్నాలు ఆగలేదు. 13 దేశాల్లో జరిగి 2010లో వెలువడిన ఇంటర్‌ఫోన్‌ అధ్యయనంలో మొత్తం మీద ప్రమాదం కనిపించలేదు గానీ, జీవితకాలంలో 1,640 గంటలకు మించి మాట్లాడినవారిలో గ్లయోమా అనే మెదడు కణితి 40 శాతం ఎక్కువగా నమోదైంది. ఏళ్ళనాటి వాడకాన్ని జ్ఞాపకం మీద చెప్పించడం వల్ల వచ్చిన లోపం కావచ్చునని దాన్ని రాసినవారే ఒప్పుకున్నారు. 2018లో అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం ఎలుకలను రోజుకు తొమ్మిది గంటల చొప్పున రెండేళ్ళు ఈ తరంగాలకు గురిచేసింది. మగ ఎలుకల గుండెలో కణితులు కనిపించాయి. ఆ ఎలుకలు పొందిన కనిష్ఠ మోతాదు కిలో శరీర బరువుకు 1.5 వాట్లు, గరిష్ఠం 6 వాట్లు. మనిషి శరీరం మొత్తానికి అంతర్జాతీయ పరిమితి 0.08 వాట్లు. విచిత్రమేమిటంటే, తరంగాలు తగలని మగ ఎలుకల కన్నా తగిలినవే ఎక్కువ కాలం బతికాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మీద 63 పరిశీలనా అధ్యయనాలను జల్లెడపట్టి 2024లో ప్రచురించిన సమీక్ష మొబైల్‌ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదని చెప్పింది. రుజువు ఇంతవరకు వచ్చింది. టవర్‌ వల్ల క్యాన్సర్‌ వస్తుందని చెప్పడానికి ఇది చాలదు. పరిశోధన ఇక అవసరం లేదని చెప్పడానికీ చాలదు.

ఒక కారణం వల్ల క్యాన్సర్‌ వస్తుందని ఎలా రుజువు చేస్తారో చూడాలనుకుంటే మనం విదేశాల వైపు చూడనక్కర్లేదు. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు మన తీరప్రాంత గ్రామాల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్ళలో, తరతరాలుగా ఉంది. టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ, డెన్మార్క్‌ పరిశోధకులు కలిసి 1960లలో శ్రీకాకుళం జిల్లా పల్లెలకు వచ్చి 10,169 మంది నోళ్ళు తెరిపించి చూశారు. చుట్ట తాగనివారిని, మామూలుగా తాగేవారిని, అడ్డపొగ తాగేవారిని విడివిడిగా లెక్కపెట్టారు. అంగిలి మీద తెల్లమచ్చలు, పుండ్లు, క్యాన్సర్‌ ఎవరిలో ఎక్కువో ఆ లెక్కే చెప్పింది. నిప్పు ఎక్కడ తగులుతుందో అక్కడే జబ్బు, ఎక్కువగా తాగినవారికి ఎక్కువ జబ్బు. దాని పక్కన పెట్టి చూస్తే టవర్ల మీద ఇప్పటివరకు ఉన్న సాక్ష్యం ఎంత పలుచనిదో అర్థమవుతుంది. చేతిలో చుట్టతో టవర్‌ వ్యతిరేక అర్జీ మీద వేలిముద్ర వేస్తున్న మామ్మను తప్పుపట్టనక్కర్లేదు గానీ, ఆమె అంగిలిని ఒక్కసారైనా టార్చి వేసి చూడని ఆరోగ్య సిబ్బందిని తప్పుపట్టాలి.

అయినా ‘శాస్త్రవేత్తలు ఏమీ లేదన్నారు, వెళ్ళండి’ అనే జవాబు శ్రీకాకుళం జిల్లాలో చెల్లదు. ఉద్దానం ఉన్న జిల్లా ఇది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవారికి మూత్రపిండాలు ఎందుకు చెడిపోతున్నాయో నేటికీ ఇదీ కారణమని తేలలేదు. నీటిలోని సిలికా, లోహాలు, పురుగుమందులు, ఎండలో ఒళ్ళు ఎండబెట్టుకునే పని అంటూ అనుమానాలు ఎన్నో ఉన్నాయి. జబ్బు ఉందని ఊళ్ళు మొత్తుకుంటున్న కాలంలో సర్కారు దాన్ని జబ్బుగా గుర్తించడానికే ఏళ్ళు తీసుకుంది. హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం, పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల ఆసుపత్రి వచ్చేలోగా ఎన్నో కుటుంబాలు డయాలసిస్‌కు విశాఖ తిరిగి చితికిపోయాయి. అలాంటి చోట అధికారి నోటి నుంచి వచ్చే ‘ప్రమాదం లేదు’ అన్న మాటకు విలువ ఎంత? జనం నమ్మకపోతే ఆ తప్పు జనానిది కాదు.

న్యాయస్థానాలూ ఈ భయాన్ని తీర్చలేకపోయాయి. 2017లో సుప్రీంకోర్టు క్యాన్సర్‌ సోకిన ఒక ఇంటిపనివాడి పిటిషన్‌ మీద గ్వాలియర్‌లోని ఒక టవర్‌ను ఆపించింది. 2021 జూన్‌లో 5జీకి వ్యతిరేకంగా నటి జుహీ చావ్లా వేసిన దావాను ఢిల్లీ హైకోర్టు కొట్టివేస్తూ 20 లక్షల రూపాయల ఖర్చులు విధించింది. తరువాత దాన్ని 2 లక్షలకు తగ్గించారు. ఒక తీర్పు భయానికి ముద్ర వేసింది, మరొకటి భయపడినందుకు జరిమానా వేసింది. మన వీధిలో చదరపు మీటరుకు ఎన్ని వాట్లు పడుతున్నాయో రెండూ చెప్పలేదు.

ఈ వ్యవహారంలో అందరూ మరిచిపోయేది చేతిలోని ఫోను. 4జీ ఫోను గరిష్ఠంగా 0.2 వాట్లు వెలువరిస్తుంది. పాత 2జీ ఫోను 900 మెగాహెర్ట్జ్‌లో ఒక్కో విడతకు 2 వాట్ల దాకా వెళ్ళేది. టవర్‌ దగ్గరుంటే ఫోను తన శక్తిని బాగా తగ్గించుకుంటుంది, దూరమైతే పూర్తి బలంతో అరుస్తుంది. చెవికి ఆనించిన ఫోను వల్ల తలకు తగిలేది, వీధి చివరి టవర్‌ వల్ల తగిలేదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అంటే టవర్‌ను తరిమేసిన వీధిలో మొత్తం మోతాదు పెరిగే అవకాశమే ఉంది. శృంగవరపుకోట కొండల మీది గిరిజన గ్రామాల్లో, మెళియాపుట్టి, మందస మండలాల ఎగువ ఊళ్ళలో ఒక్క గీత సిగ్నల్‌ కోసం గుట్టెక్కి మాట్లాడేవారి చెవి దగ్గర ఫోను ఎప్పుడూ పూర్తి బలంతోనే ఉంటుంది. వారికి 108కు ఫోను కలవకపోవడమే ఆరోగ్య సమస్య. నొప్పులు మొదలైన గర్భిణిని డోలీలో మోసుకొస్తూ మధ్యలో సిగ్నల్‌ వెతుక్కోవడం అక్కడ ఎవరికీ కొత్త కాదు. సిగ్నల్‌ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామని కేంద్రం 2022 జూలైలో 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు కరెంటుతో పాటు టవర్లూ మూగబోయాయి. విదేశాల్లో, పొరుగు రాష్ట్రాల్లో వలస ఉన్న పిల్లలు ఇంటివాళ్ళు బతికున్నారో లేదో తెలియక ఎంత తల్లడిల్లారో అక్కడివారికి ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి టవర్‌ కావాలా వద్దా అన్న వాదన కన్నా, టవర్‌ను ఎలా నమ్మాలన్న ప్రశ్న ముఖ్యం. దానికి సాధనం ఇప్పటికే ఉంది. టెలికాం శాఖ 2017లో తెచ్చిన తరంగ్‌ సంచార్‌ పోర్టల్‌లో మన పరిసరాల టవర్‌ పరిమితికి లోబడి ఉందో లేదో చూసుకోవచ్చు. 4,000 రూపాయల రుసుము కడితే సిబ్బంది వచ్చి కొలిచి నివేదిక ఇస్తారు. గొట్టం చివర బల్బులాంటి ప్రోబ్‌ ఉన్న మీటరును మనిషి నిలబడే చోట పెట్టి ఆరు నిమిషాల సగటు తీయడం పెద్ద పనేమీ కాదు. అయితే రోజు కూలీతో బతికే వీధికి 4,000 రూపాయలు చిన్న మొత్తం కాదు. అందులోనూ తన భయాన్ని తీర్చుకోవడానికి తానే డబ్బు కట్టాలనడం న్యాయంగా లేదు. జిల్లా కలెక్టర్లు ఒక నియమం పెట్టవచ్చు: సోమవారం వేదికకు టవర్‌ మీద అర్జీ వచ్చిన ప్రతిచోటా ఖర్చు టవర్‌ సంస్థ భరించాలి, కొలత వీధివాళ్ళ సమక్షంలో జరగాలి, ఎదురు మేడ పై అంతస్తులో తప్పనిసరిగా తీయాలి, అంకె సచివాలయం నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించాలి. స్ట్రక్చరల్‌ ధ్రువపత్రం, జనరేటర్‌కు పొగగొట్టం ఎంత ఎత్తున పెట్టారన్నది కూడా దాని పక్కనే ఉండాలి. యాంటెన్నాలు పెంచినప్పుడు, ఎదురుగా కొత్త అంతస్తు లేచినప్పుడు కొలత మళ్ళీ తీయాలి. ఈ పని పురపాలక సంఘం ఇచ్చే భవన అనుమతితో ముడిపెడితేనే జరుగుతుంది.