ఛాయ ఎవరి సొత్తు?

1850లో అమెరికాలోని దక్షిణ కరొలైనా రాష్ట్రం, కొలంబియా పట్టణంలో రెంటీ అనే పెద్దాయన చేత చొక్కా విప్పించి కెమెరా ముందు ఉంచారు. ఆఫ్రికాలోని కాంగో ప్రాంతం నుంచి వచ్చి బానిసత్వంలో పడినవాడాయన. కూతురు డెలియాకూ అదే గతి, నడుము దాకా బట్ట జార్చి మరీ తీశారు. ఆ ఫొటోలు తీయించింది హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగాసిజ్. నల్లవారు వేరుగా పుట్టిన జాతి అని నిరూపించాలన్నది ఆయన తాపత్రయం. వెండిపూత వేసిన ఆ రాగిరేకులు 1976లో హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం అటక మీద బయటపడ్డాయి.

రెంటీ వంశస్థురాలినంటూ, ఆ ఫొటోలు తనకు ఇవ్వాలని టమారా లానియర్ 2019లో హార్వర్డ్ మీద కోర్టుకెక్కారు. ఫొటో తీసినవారిదే తప్ప అందులో ఉన్నవారిది కాదని 2021లో కింది కోర్టు తేల్చింది. మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా 2022లో ఆస్తి హక్కును ఒప్పుకోలేదు. మనోవేదనకు పరిహారం కోరే దారి మాత్రం తెరిచింది. చివరికి 2025 మేలో రాజీ కుదిరింది. రేకులను చార్లెస్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియానికి ఇవ్వడానికి హార్వర్డ్ ఒప్పుకుంది. సంతోషమే. కానీ రాజీ వల్ల చట్టంలో ఒక్క అక్షరమూ మారలేదు.

అదే దేశంలో, ఆ రేకులు తీసిన 14 ఏళ్లకు, ఈ హక్కును తన చేతిలోకి తీసుకున్న స్త్రీ ఉంది. సోజర్నర్ ట్రూత్ న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టింది. చదవడం, రాయడం రాదు. 1864లో ఆమె అచ్చు వేయించిన అరచేతి పాటి కార్డు చూడండి. తలకు తెల్లటి టోపీ, భుజాల మీద శాలువా, ఒడిలో సగం అల్లిన ఊలు. కింద ఒక వాక్యం: ‘అసలును నిలుపుకోవడానికి ఛాయను అమ్ముతున్నాను’. ఒకప్పుడు తన దేహాన్నే వేరెవరో అమ్ముకున్నారు, ఇప్పుడు తన బొమ్మను తానే అమ్ముకుంటోంది. కాపీరైట్ సైతం ఫొటోగ్రాఫర్ పేరున కాక తన పేరునే నమోదు చేయించింది. ఛాయ అంటే మనకు నీడ, ఫొటో, ఒంటి రంగు కూడా. ఆమె వాక్యం తెలుగులో ఇంకాస్త బరువెక్కుతుంది.

బానిసత్వం నుంచి తప్పించుకుని దాని రద్దు కోసం పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ సుమారు 160 సార్లు ఫొటో తీయించుకున్నాడు, నవ్వు దాదాపు ఎక్కడా కనబడదు. పళ్లికిలించే బానిసల వ్యంగ్యచిత్రాలకు ఆ ముఖమే జవాబు. తర్వాతి తరంలో న్యూయార్క్‌లోని నల్లవారి వాడ హార్లెమ్‌లో జేమ్స్ వాన్ డెర్ జీ స్టూడియోకు జనం పండగ బట్టలతో వచ్చేవారు. ఉంగరం లేని వేలికి ఆయన నెగటివ్ మీదే ఉంగరం దిద్దేవాడు. అది అబద్ధమనేవారు ఉండవచ్చు. కూర్చున్నవారు ఎలా కనబడాలనుకున్నారో ఆ ఫొటో చెబుతోంది, రెంటీని ఆ మాట అడిగినవారే లేరు.

తీసినవారిదే బొమ్మ అన్న సూత్రం, వద్దనగలిగిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడే చెల్లాలి. బలవంతంగా తీసిన చిత్రానికి యజమాని ఎవరన్నది మ్యూజియాల దయకు వదిలేయకుండా చట్టమే చెప్పాలని మేము కోరుతున్నాం.

ఈ ప్రశ్న హైదరాబాద్‌కూ దూరం కాదు. ఏసీ గార్డ్స్ పేరులోని ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం. ఆ సిద్దీ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఆ వాడలో ఉన్నారు. నిజాం కాలపు ఆల్బమ్‌లలో వారి పూర్వీకుల ముఖం ఏదైనా కనిపిస్తే, కింద ‘సిద్దీ సిపాయి’ అని రాసి ఊరుకోకుండా, మన ఆర్కైవ్‌ల అధికారులు ఆ వాడకు వెళ్లి పేరు అడగాలి.